తాటిచెట్టు కింద చూసిన నాడి

బీపీ చూసేముందు మనిషిని కాసేపు కదలకుండా కూర్చోబెట్టాలని మీకు నర్సింగులో మొదటి ఏడాదే నేర్పి ఉంటారు. మాకూ నేర్పారు. మంచి పద్ధతే, దాన్ని నేనేమీ అనను. అయితే మనం అలా కూర్చోబెట్టి చూసిన మనిషి ఇంటికి పోయాక కూడా కూర్చునే బతుకుతాడా అన్న ప్రశ్న నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. నర్సింగు చదువుతున్న మా మనవరాలు మొన్న "అమ్మమ్మా, నీ సర్వీసులో మర్చిపోలేని కేసు ఏది?" అని అడిగింది. కుట్లు, కాన్పులు, పాముకాట్లు చెప్తానని ఆశపడింది. నేను బీపీ గోలీల సంగతి చెప్పబోతే దాని ముఖం చిన్నబోయింది. మీ ముఖమూ చిన్నబోతే కాస్త ఓపిక పట్టండి.

ఎనభైల చివరి మాట ఇది. అప్పటికి సిద్దిపేట జిల్లా కాలేదు, పెద్ద పని ఏదున్నా సంగారెడ్డికి పరిగెత్తాల్సిందే. నేను పనిచేసింది సిద్దిపేటలోనే కొందరు వ్యాపారస్తులు కలిసి పెట్టిన ఒక చిన్న ట్రస్టు దవాఖానలో. అది ఇప్పుడు లేదు. ఆ జాగలో బట్టల షోరూం వచ్చింది. మా ఇంజక్షన్ల గది ఉన్నచోట ఇప్పుడు కోడళ్లు చీరలు భుజాన వేసుకుని అద్దంలో చూసుకుంటున్నారు. అక్కడ ఎంతమంది పిల్లలు నన్ను చూసి ఏడ్చారో వాళ్లకేం తెలుసు.

మా డాక్టరు గారు కృష్ణా జిల్లా మనిషి. మంచి చదువు, మంచి చెయ్యి. కోపం తక్కువ, పట్టుదల ఎక్కువ. వచ్చిన కొత్తల్లో ఒక ముసలమ్మ "పాణం సుస్తుగున్నది సారూ" అంటే ఆయన నా వైపు చూశారు, నేను తర్జుమా చేశాను. ఏడాది తిరిగేసరికి ఆయనకు మా మాటలన్నీ అర్థమయ్యేవి, మాట్లాడటం మాత్రం చివరిదాకా రాలేదు. బుధవారం బుధవారం బీపీ రోగులను చూసే పద్ధతి ఆయనే పెట్టారు. మందులు ట్రస్టువాళ్లు ఊరికే ఇచ్చేవారు. ఊరికే వచ్చిన మందు తీసుకుపోయి ఏ అటక మీదో పడేస్తారని ఆయన ఒక షరతు కూడా పెట్టారు. గోలీలు అయిపోయిన ఖాళీ షీటు తెచ్చి చూపిస్తేనే కొత్త షీటు. ఆ షీట్లు చూసి తీసుకునే పని నాది. నా నోటికి భయపడి ఎవరూ ఖాళీ షీటు లేకుండా వచ్చేవారు కాదు.

అప్పట్లో ఆయనకు బాగా ఇష్టమైన మందు ఒకటుండేది. పేరెందుకులెండి, మీ వార్డుల్లోనూ ఉండే ఉంటుంది. గుండెకు పగ్గం వేసే జాతి మందు. గుండె నెమ్మదిగా, నిమ్మళంగా కొట్టుకుంటుంది, బీపీ దిగుతుంది. మా బజారు షావుకార్లకు అది అమృతంలా పనిచేసింది. పొద్దున గల్లాపెట్టె ముందు కూర్చుంటే రాత్రి దుకాణం మూసేదాకా లేవని మనుషులు వాళ్లు. గుండె ఎంత మెల్లగా నడిస్తే వాళ్లకేం నష్టం? "మీ డాక్టరు దేవుడు" అని మిఠాయి డబ్బాలు తెచ్చేవారు. బీపీ ఉన్నవాళ్లం మిఠాయి తినకూడదని వాళ్లు, ఇచ్చినదాన్ని కాదనకూడదని మేము.

మిరుదొడ్డి దగ్గరి పల్లె నుంచి ఒక గౌడన్న వచ్చింది ఆ రోజుల్లోనే. తాళ్లు, అంటే తాటిచెట్లు, గీసి కల్లు దించే మనిషి. నలభై అయిదు దాటి ఉంటాయి. సన్నటి కట్టె లాంటి ఒళ్లు, చెట్టుకు రాసుకుని రాసుకుని నల్లగా కాయ కాసిన రొమ్ము. ఇంట్లో వాళ్ల అన్న పక్షవాతంతో మంచాన పడ్డాడు. అదే ఈయన్ని మా దగ్గరికి తరిమింది. పట్టీ కట్టి పాదరసం ఎక్కించి చూస్తే డాక్టరు గారి కనుబొమలు పైకి లేచాయి. అంత బీపీ ఉంది.

"నీకు కళ్లు తిరగడం, తలనొప్పి ఏమీ లేవా?" అని అడిగారు.

"ఏం లేవు సారూ. మా అన్నకు గూడ ఏం లేకుండె. పొద్దుగాల లేసెటాళ్లకు చెయ్యి కాలు పడ్డయి. నాకు గట్ల గావద్దు. మేమిద్దరం పడితె రెండిండ్లోళ్లు అన్నానికి తక్లీబ్ అయితరు." ఆ మాట ఆయన మామూలుగానే అన్నాడు, కానీ చేతులు రెండూ మోకాళ్ల మీద బిగిసి ఉన్నాయి.

డాక్టరు గారు మొదట ఒంట్లో నీరు తీసేసే గోలీ రాశారు. పదిహేను రోజుల తరువాత గౌడన్న వచ్చి, నేను బయటికి పోతానేమో అని కాసేపు చూసి, నేను పోకపోయేసరికి చెప్పేశాడు.

"సారూ, గీ గోలి ఏసుకుంటె చెట్టు మీద ఒంటికొస్తది. కింద కల్లుకొచ్చినోళ్లు తలకాయలు పైకెత్తి నిలవడి ఉంటరు. నేనేం జెయ్యాలె?"

నేను మందుల బీరువా వైపు తిరిగి నవ్వు మింగాను. డాక్టరు గారు నవ్వకుండా చాలాసేపు కాగితం మీదే చూశారు. తరువాత తనకిష్టమైన ఆ పగ్గం గోలీయే రాసిచ్చారు.

అప్పటి నుంచి గౌడన్న నోట ఒక్క ఫిర్యాదు లేదు. నెల నెలా బుధవారం ఖాళీ షీట్లు తెచ్చేవాడు. బీపీ చూస్తే చక్కగా ఉండేది, నాడి కూడా నిమ్మళం. డాక్టరు గారు ముచ్చటపడి అడిగేవారు.

"చెట్టు ఎక్కుతున్నావా?"

"ఎక్కుతున్న సారూ."

"ఆయాసం గానీ, తొడలు లాగడం గానీ?"

"ఏం లేవు సారూ. కోతి లెక్క ఎక్కుతున్న."

మీరొకటి గమనించాలి. ఆ మనిషి ఆ గదిలో ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. అడిగినదానికల్లా నిజమే చెప్పాడు. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది, అది మా ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే ఖాళీ షీట్లు నా బల్ల మీదే ఉన్నాయి.

ఆయనతో భార్య వచ్చేది. ఎప్పుడూ వచ్చేది. మంచినీళ్ల కుండ పక్కన గోడకు ఆనుకుని కూర్చుని కునుకు తీసేది. ఒకసారి "ఏందమ్మా, పండుకునేటందుకు ఇంట్ల జాగ లేదా?" అని ఆటపట్టించాను. ఆమె నవ్వి, కొంగు సర్దుకుని, మళ్లీ కళ్లు మూసుకుంది. ఎండలో అంతదూరం వచ్చిన మనిషి, అలసిపోయి ఉంటుంది అనుకున్నాను.

ఈ లోపల జిల్లా డాక్టర్ల సమావేశంలో ఒక మాట నడిచింది. ఒక పెద్ద డాక్టరు గారు లేచి, ఈ మందు వేసుకుంటే ఒళ్లు వంచి పనిచేసేవాళ్ల శక్తి తగ్గిపోతుంది, గుండె పరిగెత్తాల్సినప్పుడు పరిగెత్తదు, తొడలకు నెత్తురు చాలదు, కాబట్టి కష్టజీవులకు ఇచ్చేముందు ఆలోచించండి అన్నారట. మా డాక్టరు గారు తిరిగొచ్చాక రెండు రోజులు ముభావంగా ఉన్నారు. మూడో రోజు నాతో అన్నారు.

"అందరికీ అలా జరగాలని లేదు సిస్టర్. మన గౌడ్‌ను చూడండి. రోజూ తాళ్లు ఎక్కుతున్నాడు, బీపీ కూడా అదుపులో ఉంది. దీన్ని లెక్కతో చూపిస్తే?"

హైదరాబాదులో అయితే నడిచే పట్టా మీద మనిషిని నడిపించి గుండెను చూసే మిషన్ ఉందని అప్పటికే విన్నాం. మాకు ఫ్యాను తిరిగితే గొప్ప. తాటిచెట్టే మన మిషన్ అన్నారు డాక్టరు గారు. గౌడన్న చెట్టు ఎక్కకముందు, దిగాక నాడి, బీపీ చూద్దామని, వచ్చే ఆదివారం పొద్దున్నే ఇద్దరం ఆయన తాటివనానికే పోదామని తేల్చారు.

బుధవారం ఆ సంగతి చెప్పగానే గౌడన్న ముఖంలో కళ తప్పింది. "అంతదూరం ఎందుకు సారూ, నేనే వస్త గద" అన్నాడు. గోడ దగ్గర కునికే భార్య ఆ రోజు మాత్రం కళ్లు తెరిచి మొగుడి వైపే చూస్తోంది. డాక్టరు గారు అది పేదవాళ్ల మొహమాటం అనుకున్నారు. తన ఇంట్లో కుర్చీలు లేవని సిగ్గుపడుతున్నాడు కాబోలు అనుకుని, "మేం చెట్టు కిందే కూర్చుంటాం, నువ్వేం ఏర్పాట్లు చెయ్యొద్దు" అని భుజం తట్టారు.

ఆదివారం పొద్దున మిరుదొడ్డి బస్సెక్కాం. పాదరసం బీపీ డబ్బా నా ఒళ్లో ఉంది. బస్సు కుదుపుకు అది ఎగిరితే కొత్తది కొనిచ్చేవాడు లేడు కాబట్టి పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చున్నాను. మాఘం వెళ్లిపోయింది, ఎండ ఇంకా ముదరలేదు. బస్సు దిగి పొలాల గట్ల మీద నడిచి పోతే, వనంలో గౌడన్న అప్పటికే ఒక చెట్టు మీద ఉన్నాడు. మేం వచ్చాక మెల్లగా కూర్చోబెట్టి చూడాలన్నది ఏర్పాటు. ఆయన ఆగలేదు.

పైనుంచి దండం పెట్టి, గెల గీసి, కల్లు పట్టే లొట్టి మార్చి, చకచకా దిగాడు. మీలో చాలామంది చూసి ఉండరు, చెప్తాను. నడుముకూ చెట్టుకూ కలిపి ఒక మోకు, పాదాలకు ఒక బందం. మోకు పైకి విసిరి, దాని మీద బరువు వేసి, పాదాలు పైకి గుంజుకోవాలి. మళ్లీ మోకు, మళ్లీ పాదాలు. అంత ఎత్తూ తొడల మీదే నడవాలి. ఒక చెట్టు దిగితే ఇంకో చెట్టు. పొద్దున ఒక వరుస, సాయంత్రం ఒక వరుస.

దిగగానే డాక్టరు గారు మణికట్టు పట్టుకున్నారు. నాడి గుర్రంలా ఉరుకుతోంది. ఆయన గడియారం చూసుకున్నారు, మళ్లీ చూసుకున్నారు.

"సిస్టర్! మందు మీద ఉన్న గుండె ఇంత వేగంగా కొట్టుకోదు. అయినా కొట్టుకుంటోంది. చూశారా?" ఆయన గొంతులో సంతోషం, అనుమానం రెండూ ఉన్నాయి. సంతోషానిదే పైచేయి. "గౌడ్, కాస్త కూర్చో. తేరుకున్నాక బీపీ చూస్తాను."

"చెట్టు ఆగది సారూ. ఇగో, గా పక్కది గీసొస్త" అంటూ ఆయన ఆగకుండా పోయి రెండో చెట్టుకు మోకు విసిరాడు. మనిషి మా నుంచి తప్పించుకుంటున్నాడని అప్పుడనిపించింది నాకు. బల్ల ముందు కూర్చోకుండా ఏదో పని ఉందని వెళ్లిపోయే రోగులను నేను చాలామందిని చూశాను.

ఆయన మొదటి చెట్టు నుంచి దించిన కల్లును పెద్ద కుండలోకి వంచి, భార్య ఆ కుండను నెత్తికెత్తుకోబోయింది. సగం లేపింది, దించింది. మళ్లీ లేపబోయి, కుండ వదలకుండానే కింద కూలబడింది. నుదురంతా చెమట. అంత చల్లటి పొద్దులో అంత చెమట ఏమిటని పరిగెత్తాను. చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి పట్టుకుంటే నాడి మీదికి వేలు పోవడం మన జాతి లక్షణం. వేలు ఆనిచ్చి ఎదురుచూశాను. ఒక దెబ్బ. తరువాతి దెబ్బ ఎంతసేపటికీ రాదే! గడియారం పెట్టి లెక్కపెట్టాను. యాభై కూడా లేదు.

ఆ నాడి నాకు తెలుసు. బుధవారం బుధవారం మా షావుకార్ల చేతుల్లో చూసే నాడి అది. కాకపోతే వాళ్ల నాడి కంటే ఇంకా నిదానంగా ఉంది.

"అవ్వా, నువ్వేమన్న గోలీలు ఏసుకుంటున్నవా?" అని అడిగాను.

ఆమె తల ఎత్తి చెట్టు పైకి చూసింది. పైనుంచి ఆయన మమ్మల్ని చూశాడు. "ఏమైందే? ఏమైంది?" అని కేకేశాడు. మరుక్షణం చెట్టు దిగడం మొదలుపెట్టాడు. అది దిగడం కాదు, జారడం. మోకు సరిచూసుకోకుండా, రొమ్ము చెట్టుకు గీసుకుపోతూ వచ్చాడు. "మెల్లగా! మెల్లగా!" అని డాక్టరు గారు కింద నుంచి అరుస్తూనే ఉన్నారు. అంత భయం నేను నా జీవితంలో కొన్నిసార్లే పడ్డాను. నేల మీద కాళ్లు ఆనేసరికి ఆయన రొమ్మంతా నెత్తురు చారలు. అవేవీ చూసుకోకుండా వచ్చి భార్య పక్కన కూర్చున్నాడు.

"గాయన గోలీలే సిస్టరమ్మా" అంది ఆమె అప్పుడు, తప్పు దొరికిపోయినట్టు కాక, దాచి దాచి అలసిపోయినట్టు. "మీరు ఖాళీ షీటు తెమ్మంటిరి. గాయన ఏసుకోకపాయె. మరి షీటు ఎట్ల ఖాళీ అయితది? మందు పెంటల పారెయ్యాలంటె నాకు పాణం ఒప్పలే. మస్తుమందికి దొరుకది గా మందు. ఇంట్ల ఒకలన్న ఏసుకుంటె ఇంటికి మంచిదే గద అని, నేనే రోజొకటి మింగుతున్న."

డాక్టరు గారు తన మెడలోని స్టెతస్కోపు తీసి చేతిలో పట్టుకున్నారు. ఏం చెయ్యాలో తోచనప్పుడు ఆయన అలాగే చేసేవారు. నేను మాత్రం నవ్వాలో ఏడవాలో తెలియక ఆమె వీపు నిమురుతూ కూర్చున్నాను. అన్ని నెలలుగా మా దవాఖాన మంచినీళ్ల కుండ పక్కన కునుకు తీసిన మనిషి, లేని బీపీకి మందు మింగి గుండె నిదానమైపోయి కునికింది. మేం ఆమెను దాటుకుంటూ పోయి ఆమె మొగుడి బీపీ చూసి మురిసిపోయాం.

"మరి బుధవారాలు బీపీ బాగుండేది కదా?" డాక్టరు గారు గౌడన్నను అడిగారు.

"మీ దగ్గరికి వచ్చేటందుకు రెండొద్దుల ముందు నుంచి ఏసుకుంటుంటి సారూ. గా రెండొద్దులు చెట్టుకు మా అన్న కొడుకును తోల్తుంటి. దేవుని కాడికి పోయేటప్పుడు తానం జేసి పోతం గద, మీ కాడికి గూడ గట్లనే మంచిగ రావాలె అనుకున్న." ఆయన ఆ మాట ఎగతాళిగా అనలేదు. నిజంగా మర్యాద అనుకునే చేశాడు.

"ఎందుకు మానేశావు? నాకు ఒక్క మాట చెప్పలేదేం?"

గౌడన్న ఎండు మట్టను పుల్లతో గీకుతూ చెప్పాడు. "మొదలు ఒక వారం నియ్యతిగ ఏసుకున్న సారూ. నాలుగో చెట్టు కాడ, సగం ఎక్కినంక, తొడలు నావి కావన్నట్టు అయిపాయె. పైకి పోరాదు, కిందికి రారాదు. మోకు మీద ఒరిగి గట్లనే ఏలాడిన. నా పెండ్లాం కింద నిలవడి మొత్తుకుంటున్నది. పాణం ఎప్పటికో తిరిగొస్తె దిగిన. గా దినం నుంచి బందు వెట్టిన. మీకు చెప్తె ఏమంటరు? చెట్టు ఎక్కొద్దంటరు. గెల దినాం గియ్యకపోతె ఎండుతది. గెల ఎండితె గా యేడు పోయినట్టె. కల్లు సంఘంల పేరున్నోడు ఎక్కకపోతె చెట్లు ఇంకొకలకు పోతయి. గోలి ఏసుకుంటె చెట్టు పోతది, ఏసుకోకపోతె మా అన్న లెక్క మంచంల పడుత. ఏది జెయ్యమంటరో మీరే చెప్పున్రి."

కాసేపటికి డాక్టరు గారు ఆయన్ని చెట్టుకు ఆనించి కూర్చోబెట్టి, తేరుకున్నాక, బీపీ చూశారు. మొదటి రోజు మా గదిలో ఉన్నంతే ఉంది. అంటే ఇన్ని నెలలూ మందు ఒకరి కడుపులో, జబ్బు ఇంకొకరి ఒంట్లో ఉన్నాయి.

నేను డాక్టరు గారితో చాలా ఏళ్లు పనిచేశాను. ఎంత పెద్ద చదువున్నా సరే, ఇలాంటి చోట రోగిని కోప్పడి తన పరువు కాపాడుకునే డాక్టర్లను కూడా చూశాను. ఆయన కోప్పడలేదు. గట్టు మీద కూర్చుని తల గోక్కుని, "నాకు నువ్వు చెప్పిందే కావాలి గౌడ్. ఆ తొడల సంగతే కావాలి. అది లేకుండా నేను నీకు ఏ మందు రాసినా గుడ్డిగా రాసినట్టే" అన్నారు. ఆ మాటకు నాకు కళ్లు చెమర్చాయి. ఇప్పుడు తలుచుకున్నా అంతే.

"ఎప్పటికైనా చెట్టు మానాల్సి వస్తుందేమో, అది కూడా చెప్పాలి నీకు" అన్నారు మళ్లీ, నిజాయితీగా.

గౌడన్న మోకు చుట్టుకుంటూ తల అడ్డంగా ఊపాడు. "చెట్టు దిగేది నేనే దిగుత సారూ. గోలి నన్ను దించొద్దు."

తిరుగు బస్సులో డాక్టరు గారు కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. నాకు తెలిసి ఆయన ఆ రోజే తన వైద్యం మార్చుకున్నారు. గుండెకు పగ్గం వేసే మందు చెడ్డదని కాదు. తరువాత కూడా ఎంతోమందికి ఇచ్చారు, అది ఎంతోమంది ప్రాణాలు నిలబెట్టింది. అందరి తొడలూ ఆ మందుకు ఒకేలా చచ్చుబడవు కూడా. కానీ బండి లాగేవాడికి, బస్తా మోసేవాడికి, బట్టల మూట నెత్తిన పెట్టుకునేవాళ్లకు ఏది రాయాలన్నది వాళ్ల పని చూడకుండా తేలదని ఆయనకు ఆ వనంలో అర్థమైంది.

భార్యకు మందు ఒక్కసారిగా ఆపకుండా కొద్దికొద్దిగా తగ్గించి మాన్పించారు. నెల తిరిగేసరికి ఆమె మా దవాఖానలో కునకడం మానేసి, క్యూలో ఉన్నవాళ్లతో కబుర్లు మొదలుపెట్టింది. ఆమె గొంతు అంత పెద్దదని మాకు అప్పుడే తెలిసింది.

గౌడన్నది అంత సులువుగా కాలేదు. నెత్తురు గొట్టాలను వదులు చేసే ఇంకో జాతి మందు అప్పటికే వచ్చింది. అది వేసుకుంటే తొడలు బాగానే ఉన్నాయి గానీ ముఖం మండిపోయేది, తల పగిలేది, పాదాలు ఉబ్బి బందం పట్టేది కాదు. ఇంకోటి మారిస్తే ఎడతెగని పొడి దగ్గు. "సారూ, పైన దగ్గితె కింద లొట్టి ఊగుతున్నది" అన్నాడు. మారుస్తూ, తగ్గిస్తూ, కలుపుతూ చాన్నాళ్లు నడిచింది. ప్రతి మార్పుకూ ఒక ఆదివారం వనంలో పరీక్ష. అన్నిటికంటే పొట్టి తాటిచెట్టు మొదట ఎక్కాలి, నాడి చూపించాలి, డాక్టరు గారు తల ఊపితేనే రెండోది. ఆయన కూడా ఇప్పుడు అన్నీ చెప్పేవాడు. ఎంత చెప్పేవాడంటే, "గౌడ్, నిన్న రాత్రి కూర ఏమిటో అడగలేదు నేను" అని డాక్టరు గారు ఆపాల్సి వచ్చేది.

చివరికి ఒక జోడు మందులు కుదిరాయి. బీపీ దిగింది, కానీ పుస్తకంలో రాసినంత కిందికి దిగలేదు. ఇంకా దించుదామంటే చెట్టు మీద కళ్లు తిరుగుతున్నాయి. డాక్టరు గారు ఆ అంకె ముందు చాలాసేపు కూర్చున్న బుధవారం నాకు గుర్తుంది. ఇంకో మాత్ర రాయడానికి కలం ఎత్తారు, దించారు. "ఇది చాలు. ఇది నిజమైన అంకె" అన్నారు. మందు వేసుకోని రోజుల్లో కాగితం మీద గౌడన్న బీపీ ఎంత ముచ్చటగా ఉండేదో, మందు వేసుకున్న రోజుల్లో మళ్లీ ఎన్నడూ అంత ముచ్చటగా లేదు.

జిల్లా సమావేశానికి కూడా ఆయన మానకుండా పోయారు. లేచి, "నా రోగి మందు మీద కూడా చెట్లు ఎక్కగలడని చెప్పడానికి సిద్ధమయ్యాను, తీరా చూస్తే మందు వేసుకున్నది ఆయన భార్య" అని చెప్తే హాలంతా పకపకలాడిందట. నవ్వులయ్యాక ఆ పెద్ద డాక్టరు గారు వచ్చి చెయ్యి కలిపారట. ఇది డాక్టరు గారు నాకు చెప్పలేదు, వేరే దవాఖాన సిస్టరు చెప్పింది.

ఆ తరువాత మా బుధవారాల్లో షీట్లు చూసే పని తీసేశారు. దాని బదులు నేను ప్రతి ఒక్కరినీ ఒక ప్రశ్న అడగాలి. "గోలి మొదలువెట్టినంక ఏ పని ఇడిసిపెట్టినవ్?" అంతే. మీరూ అడిగి చూడండి. ఒకామె బావి నుంచి నీళ్లు చేదడం మానేసింది. ఒక మాస్టారు సైకిల్ అమ్మేశాడు. వయసు మీద పడిందనుకున్నారు వాళ్లు, గోలీ సంగతి ఎవరికీ తట్టలేదు. అడగకపోతే ఎవరూ చెప్పరు. డాక్టరుకు మంచి మాటే చెప్పాలని మన జనానికి ఒక మర్యాద ఉంది.

గౌడన్న ఇంకా ఏడెనిమిదేళ్లు చెట్లు ఎక్కాడు. నేను ఆ దవాఖాన వదలబోయే ముందు, తొంభైల మధ్యలో, ఒక బుధవారం ఇద్దరూ వచ్చారు. పట్టీ కట్టడానికి చెయ్యి చాపుతూ మామూలుగా అన్నాడు.

"సిస్టరమ్మా, మొన్న మోకు, కత్తి మా అన్న కొడుక్కు అప్పజెప్పిన."

ఏ మందు ఏం చేసిందో అనుకున్నాను. "ఎందుకు? తొడలు గుంజుతున్నయా? కండ్లు తిరుగుతున్నయా? నాకెందుకు చెప్పలే?" అని మీద పడ్డాను.

"ఏం లేదమ్మా" అని నవ్వాడు. "ఆఖరి దినం గూడ అన్నిట్ల పొడుగు తాడే ఎక్కిన. పైన కూసోని ఊరంత ఒకపారి సూసిన. సాలు అనిపించింది. నేనే దిగిన."

నేను పాదరసం చూస్తూ తల దించుకున్నాను, కళ్లల్లో నీళ్లు ఆయనకు కనబడకుండా. పట్టీ విప్పాక, పక్కన నిలబడ్డ ఆమె చెయ్యి కూడా నాడి చూడటానికి అందుకున్నాను. ఆ ఆదివారం నుంచి ఆమె వచ్చిన ప్రతిసారీ అలా చూడటం నాకు అలవాటైపోయింది.

"నన్నెందుకు సూస్తవమ్మా, నేనేం మింగుత లేను" అని ఆమె గదంతా వినబడేలా నవ్వింది.

"ఉండు, జర సూడనియ్యి" అన్నాను.

లోపలి గదిలోంచి డాక్టరు గారు "ఎంతుంది సిస్టర్?" అని అడిగారు. ఆయన అడిగింది గౌడన్న సంగతే. నేను ఇద్దరిదీ చెప్పాను.